దరఖాస్తు పంపే ముందు

2024 అక్టోబరులో మా ఇంట్లో ఒక దరఖాస్తు సగం నింపిన స్థితిలో ఇరవై రోజులు ఆగిపోయింది. అది క్లాట్ అనే ప్రవేశపరీక్షకు సంబంధించినది. జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాలలో అయిదేళ్ల న్యాయవిద్య చదవగోరే పిల్లలు ఇంటర్మీడియట్ చివరి ఏడాదిలో ఉండగానే ఈ పరీక్ష రాస్తారు. పేరు, పుట్టిన తేదీ, ఫోటో, సంతకం అన్నీ మా పెద్దమ్మాయి ఎక్కించింది. మిగిలినదల్లా నాలుగు వేల రూపాయల రుసుము కట్టడమే. అది మా చేతుల్లో ఉన్న పని. మేము కట్టలేదు.

నాలుగు వేలు మాకు చిన్న మొత్తం కాదు. మాలో ఒకరికి నంద్యాలలో ఇనుప సామాన్ల చిన్న దుకాణం, మరొకరికి ఒక ప్రైవేటు పాఠశాలలో ఉర్దూ బోధన. అయినా మమ్మల్ని ఆపినది ఆ నాలుగు వేలు కాదు. ఈ మాట మాకు మేమే ఒప్పుకోవడానికి చాలా రోజులు పట్టింది. ఇలాంటి దరఖాస్తులు ఆగిపోయిన ఇళ్లు మన పాఠకుల్లో మరికొన్ని ఉండవచ్చుననే ఉద్దేశంతోనే దీన్ని రాస్తున్నాము.

మొదట మేము చెప్పుకున్న కారణం అంకెలది. దేశమంతటి నుండి అరవై వేలమందికి పైగా రాసే పరీక్ష అది. ఉన్న సీట్లు మూడు వేల పైచిలుకు. నూట ఇరవై నిమిషాల్లో నూట ఇరవై ప్రశ్నలు. తప్పు జవాబుకు పావు మార్కు కోత. ప్రశ్నపత్రం ఆంగ్లంలోనే ఉంటుంది. పొడవాటి పేరాలు చదివి, వాటిలోంచి తర్కించి జవాబు తీయాలి. హైదరాబాదులో ఏడాదిపాటు ప్రత్యేక శిక్షణ తీసుకున్న పిల్లలతో మా అమ్మాయి పోటీ పడాలి. ఆమెకు ఉన్న శిక్షణ అంతా పాత ప్రశ్నపత్రాలు, ఫజ్ర్ నమాజు తరువాత ఒక గంట ఆంగ్ల దినపత్రిక, తెలియని పదాలు రాసుకునే ఒక నోటుపుస్తకం. "రాకపోతే పిల్ల మనసు విరిగిపోతుంది. ఆ బాధ ఆమెకు ఎందుకు?" అని మేము ఒకరితో ఒకరం చెప్పుకున్నాము.

ఒక రాత్రి భోజనాల దగ్గర అమ్మాయి ఈ మాట విన్నది. "అబ్బా, వాళ్లు నన్ను వద్దనక ముందే మీరు వద్దంటున్నారు. వాళ్లు అంటే నా మార్కులు చూసి అంటారు. మీరు ఏం చూసి అంటున్నారు?" అన్నది. గొంతు పెంచలేదు. తిన్న పళ్లెం తీసుకుని లేచి వెళ్లిపోయింది.

మా వద్ద జవాబు లేదు. ఆ రాత్రి చాలాసేపు మాట్లాడుకున్నాక అసలు సంగతి బయటపడింది. సీటు రాదేమోనన్నది మా భయం కాదు. వస్తుందేమోనన్నది మా భయం. రాకపోతే ఇంట్లో ఏదీ మారదు. వస్తే పదిహేడేళ్ల ఆడపిల్లను దూరపు ఊరి హాస్టలుకు పంపాలి. అయిదేళ్ల ఫీజు ఎక్కడి నుండి తేవాలో చూడాలి. చుట్టాలకు జవాబు చెప్పాలి. ఇరవై మూడేళ్లు నిండిన న్యాయవాదికి సంబంధాలు ఎలా వస్తాయన్న ప్రశ్నను కూడా ఎదుర్కోవాలి. దరఖాస్తే పంపకపోతే ఈ చిక్కులేవీ లేవు. పిల్ల మనసు కాపాడుతున్నామనుకుంటూ మేము కాపాడుకున్నది మా మనశ్శాంతిని.

పిల్లల దాదీ అభిప్రాయం మొదటినుండీ స్పష్టమే. "ఆడపిల్లకు కోర్టు మెట్లెందుకు? టీచరు కావచ్చు, డాక్టరు కావచ్చు" అని ఆమె వాదన. అమ్మాయి ఆమెకు ఫాతిమా బీవీ కథ చెప్పింది. కేరళలోని పత్తనంతిట్టలో 1927లో పుట్టి, తండ్రి ప్రోత్సాహంతో న్యాయశాస్త్రం చదివి, 1950లో న్యాయవాదిగా నమోదై, కింది కోర్టు నుండి ఒక్కొక్క మెట్టూ ఎక్కి, 1989లో మన దేశ సుప్రీంకోర్టుకు తొలి మహిళా న్యాయమూర్తి అయిన తల్లి ఆమె. దాదీ ఆ కథను శ్రద్ధగా విని, "ఆమె తల మీద కొంగు ఉండేదా?" అని అడిగింది. ఫోటో చూపిస్తే తృప్తిగా తల ఊపింది. కాని మనుమరాలి విషయంలో మాట మార్చుకోలేదు.

ఆ కథలోనే మాకు ఒక వాదన దొరికింది. "చూడు బేటీ, ఆమె పెద్ద పేరున్న జాతీయ విశ్వవిద్యాలయంలో చదవలేదు. తిరువనంతపురం ప్రభుత్వ లా కాలేజీలో చదివింది. నువ్వూ లాసెట్ రాసి, దగ్గరలో ఏదో ఒక కాలేజీలో చేరవచ్చు కదా?" అన్నాము. అది పూర్తిగా అన్యాయమైన వాదన కూడా కాదు. జిల్లా కోర్టుల్లో పేరు తెచ్చుకున్న న్యాయవాదులు ఎందరో మామూలు కాలేజీల్లోనే చదివారు. అమ్మాయి కాసేపు ఆలోచించి, "ఆమె కాలంలో ఈ విశ్వవిద్యాలయాలే లేవు అమ్మీ. బెంగళూరులో మొదటిది వచ్చింది ఎనభైల చివర్లో. ఆమె పత్తనంతిట్టలో ఉండిపోలేదు కదా! అప్పుడు తనకు అందగలిగిన వాటిలో మంచిదాని కోసం ఇల్లు వదిలి వెళ్లింది" అన్నది. న్యాయవాదిగా ఆమె ఎలా ఉంటుందో మాకు అప్పుడే కొంత అర్థమైంది.

మరొక పేరు కూడా ఆమె ద్వారానే తెలిసింది. శమ్నాద్ బషీర్ అనే కేరళ ఆచార్యుడు బెంగళూరు న్యాయ విశ్వవిద్యాలయంలోనూ, ఆపై ఆక్స్‌ఫర్డ్‌లోనూ చదివి, ఇలాంటి విద్యాసంస్థల్లో పేదింటి పిల్లలు, గ్రామీణ పిల్లలు, అంధవిద్యార్థులు దాదాపు కనబడరని గమనించి, వారిని వెతికి తర్ఫీదు ఇచ్చి చేర్పించేందుకు 2010లో ఇడియా అనే సంస్థను స్థాపించాడు. 2019లో చిన్న వయసులోనే కన్నుమూశాడు. అల్లాహ్ ఆయనను మన్నించుగాక. ఆ తలుపులు మనలాంటి వారికి కావని తీర్మానించుకునే అలవాటు మా ఒక్క ఇంటిది కాదని, దాన్ని మాన్పించడానికి ఒక మనిషి తన జీవితంలో ఇన్నేళ్లు వెచ్చించాడని తెలిసి మాకు సిగ్గు వేసింది.

మా మసీదు ఇమామ్ సాహెబును కలిశాము. ఒక్కమాటలో కూడదనో, పర్వాలేదనో చెబుతారనుకున్నాము. అలా చెప్పలేదు. ఇమామ్ బుఖారీ (రహ్మ) గురించి చెప్పారు. పదహారేళ్ల ప్రాయంలో ఆయన తల్లితో, సోదరునితో కలిసి హజ్జ్‌కు వెళ్లారు. హజ్జ్ ముగిశాక ఆ తల్లి మరో కొడుకుతో బుఖారాకు తిరిగి వెళ్లిపోయింది. ఇమామ్ (రహ్మ) మక్కాలోనే విద్యార్థిగా ఉండిపోయారు. "తండ్రి లేని బిడ్డను అంత దూరాన విడిచి వెళ్లిన ఆ తల్లి తిరుగు ప్రయాణం ఎలా గడిచి ఉంటుందో ఆలోచించండి" అన్నారు. మాలో ఒకరు, "ఆయన మగపిల్లవాడు కదా హజ్రత్" అన్నాము. ఆయన నవ్వి, అదే సహీహ్ బుఖారీని తరువాతి కాలంలో మక్కాలో బోధించిన వారిలో కరీమా మర్వజియ్యా అనే విదుషీమణి ప్రసిద్ధురాలని, ఖతీబ్ బగ్దాదీ వంటి పండితుడు ఆమె వద్ద పాఠం చెప్పించుకున్నాడని గుర్తు చేశారు. ఆపైన, "నేను ప్రతి ఇంటికీ ఇదే సలహా ఇవ్వను. హాస్టలు ఎలాంటిదో చూసి రండి. అమ్మాయి నమాజు, నడవడి ఎలాంటివో మీకు తెలుసు. నెలకోసారి వెళ్లి చూసే ఓపిక మీకుందో లేదో తేల్చుకోండి. ఇవి చూసుకోకుండా పంపడం తప్పు; ఇవి చూసుకునే శ్రమకు భయపడి ఆపడం కూడా సరికాదు" అన్నారు.

ఇక డబ్బు. మేము చూసుకున్న మూడు విశ్వవిద్యాలయాల్లో ఏడాదికి హాస్టలుతో కలిపి రెండు లక్షలకు పైమాటే. బెంగళూరులో దాదాపు నాలుగు లక్షలు. అయిదేళ్లకు ఎంతో లెక్క వేసుకోవచ్చు. బ్యాంకులో విద్యారుణం సులభంగానే దొరుకుతుందని అందరూ చెప్పారు. అది వడ్డీ రుణం. వడ్డీ విషయంలో దివ్య ఖుర్ఆన్ హెచ్చరిక ఎంత తీవ్రమైనదో ఈ పత్రిక పాఠకులకు మేము చెప్పనక్కరలేదు. అనివార్య స్థితి అంటే ఏమిటి, విద్యారుణం దాని కిందికి వస్తుందా అని వాదించేవారున్నారు. మేము ఆ చర్చలోకి దిగలేదు. మా మనసు ఒప్పుకోలేదు, అంతే. స్కాలర్‌షిప్పుల సంగతి చూద్దామంటే ఏ ధ్రువపత్రం ఎక్కడ చెల్లుతుందో తెలుసుకోవడానికే రెండు రాత్రులు పట్టింది. మన రాష్ట్రంలో 2007 నుండి చెల్లుతున్న బి.సి.-ఇ ధ్రువపత్రం ఉన్నంతమాత్రాన కేంద్ర జాబితాలో వెనుకబడిన తరగతుల కింద లెక్కకు రారు. ఒక్కొక్క విశ్వవిద్యాలయానికి రిజర్వేషన్ల లెక్క వేరు, స్థానికత లెక్క వేరు. పిల్లల్ని ఇలాంటి చదువులకు పంపదలచినవారు ఆఖరి వారంలో కాకుండా ఎండాకాలంలోనే మండల కార్యాలయం చుట్టూ తిరగడం మొదలుపెట్టాలి. ఇది మేము ఆలస్యంగా నేర్చుకున్నది.

చివరికి మిగిలిన ఆధారం ఒకటే, ఊరి శివారులోని ఎనిమిది సెంట్ల స్థలం. పన్నెండేళ్ల క్రితం పిల్లల దాదా మరణించినప్పుడు వదిలి వెళ్లిన ఆస్తి అదొక్కటే. అవసరమైతే దాన్ని అమ్మేద్దామని, ఫీజులో చాలా భాగం తీరుతుందని మేము ఉత్సాహంగా అమ్మాయితో చెప్పాము. ఆమె మొహం వెలుగుతుందనుకున్నాము. వెలగలేదు.

"ఫూఫీ వాటా తీసేసి చెబుతున్నారా?" అని అడిగింది.

మా ఇంటి ఆడపడుచు కోవెలకుంట్లలో ఉంటుంది. భర్త పోయాక కుట్టుమిషను మీద ఇద్దరు కూతుళ్లను పెంచుకొస్తున్నది. తండ్రి పోయిన ఏడాది ఆమె రిజిస్ట్రారు ఆఫీసుకు వచ్చి హక్కు విడుదల పత్రం మీద సంతకం పెట్టింది. "ఇష్టపూర్వకంగానే వదులుకున్నది" అని మేము అందరికీ చెప్పాము. చెప్పీ చెప్పీ మేమూ నమ్మాము. అమ్మాయి లోపలికి వెళ్లి ఒక కాగితం తెచ్చింది. నిసా సూరాలో అల్లాహ్ స్వయంగా నిర్ణయించిన వాటాల ప్రకారం ఆస్తిని ఇరవై నాలుగు భాగాలు చేసి రాసుకున్నది. దాదీకి ఎనిమిదో వంతు గనుక మూడు భాగాలు. మిగిలిన ఇరవై ఒకటిలో కొడుకుకు పద్నాలుగు, కూతురుకు ఏడు. కాగితం పాతది, మడతల దగ్గర చిరిగి ఉంది. ఎప్పుడు రాశావని అడిగితే, తొమ్మిదో తరగతిలో అన్నది. ఆ వేసవిలో ఫూఫీ ఇంట్లో పదిరోజులు ఉండి వచ్చింది. న్యాయశాస్త్రం చదువుతానని మొదటిసారి అన్నది కూడా ఆ ఏడాదే. అంతవరకూ మేము అది ఏ సినిమా చూసో, ఏ ఉపాధ్యాయుడు చెబితేనో కలిగిన కోరిక అనుకున్నాము.

ఆ ఆదివారమే కోవెలకుంట్ల వెళ్లాము. ఆడపడుచు టీ పెట్టి ఇచ్చింది. విషయం విన్నాక కోపగించుకోలేదు, కన్నీళ్లు పెట్టుకోలేదు. "ఆ రోజు నన్ను ఎవరూ ఏమీ అడగలేదు భాయీ. కాగితం ముందు పెట్టారు, వేలు ఎక్కడ చూపితే అక్కడ సంతకం చేశాను. అడిగి ఉంటే ఏమనేదాన్నో నాకే తెలియదు" అన్నది. ఆ తరువాత చాలాసేపు పిల్లల చదువుల గురించి మాట్లాడింది. ఏడు భాగాలు తీసుకోవడానికి ఒప్పుకున్నది. రెండో కూతురి నర్సింగు ఫీజుకు పనికొస్తాయన్నది. బస్సులో తిరిగి వస్తూ మేమిద్దరం ఒక్క మాట కూడా మాట్లాడుకోలేదు.

పద్నాలుగు భాగాలతో అయిదేళ్లు గడవవు. మూడేళ్లు గడుస్తాయి. మిగిలినదానికి జమాఅత్ పెద్దలు నడిపే నిధినుండి కర్జె హసనా కొంత దొరకవచ్చని అన్నారు. దాదీ తన మూడు భాగాలు తన ఉమ్రాకేనని ముందే స్పష్టం చేసింది. అది ఆమె హక్కు.

ఆ రాత్రి ఇస్తిఖారా నమాజు చేశాము. అందరిలాగే మేమూ ఏదైనా కల వస్తుందేమోనని కొన్నాళ్లుగా ఎదురుచూస్తూ కాలయాపన చేసినవాళ్లమే. దైవప్రవక్త (స) నేర్పిన ఆ దుఆను అర్థం తెలుసుకుంటూ మళ్లీ చదివినప్పుడు అందులో కల ప్రస్తావనే లేదు. ఈ పనిలో మేలుంటే దీన్ని నాకు సులభతరం చేయి, కీడుంటే దీన్ని నా నుండి, నన్ను దీని నుండి మళ్లించు అనే వేడుకోలు ఉంది. మళ్లించడానికైనా మనిషి నడుస్తూ ఉండాలి కదా. కూర్చున్నవాడిని ఎటు మళ్లిస్తారు? మరునాడు ఉదయం రుసుము కట్టేశాము. గడువుకు ఇంకా రెండు రోజులు ఉన్నది.

కట్టేముందు అమ్మాయిని కూర్చోబెట్టి కొన్ని మాటలు అనుకున్నాము. వడ్డీ అప్పు చేయబోము. బెంగళూరు, హైదరాబాదు దగ్గరి షామీర్‌పేట, విశాఖ దగ్గరి సబ్బవరం, ఈ మూడు తప్ప వేరేచోటికి పంపలేము. ఈ మూడింటిలో మాకు ఎక్కువ దూరం మన రాష్ట్రంలో ఉన్న సబ్బవరమే. ఈ విచిత్రానికి అమ్మాయే నవ్వింది. సీటు రాకపోతే లాసెట్‌తో ఇక్కడే చదువుతుంది, ఆ మాటను ఇంట్లో ఎవరూ ఎత్తిపొడుపుగా వాడరాదు. నాలుగో మాట ఆమె అడిగి చెప్పించుకున్నది: సీటు వస్తే మేము వెనక్కి తగ్గరాదు. ఒప్పుకున్నాము. అన్నిటికన్నా కష్టంగా నోటి నుండి వచ్చిన మాట అదే.

పరీక్ష 2024 డిసెంబరు 1, ఆదివారం, మధ్యాహ్నం రెండు నుండి నాలుగు వరకు. హైదరాబాదులో కేంద్రం. జుహ్ర్ నమాజు చేసుకుని లోపలికి వెళ్లింది. మేము గేటు బయట ఒక చెట్టు కింద నిలబడ్డాము. మా పక్కన కార్లలో వచ్చిన తల్లిదండ్రులు శిక్షణ సంస్థల పేర్లు చెప్పుకుంటున్నారు. మమ్మల్ని అడిగితే, "ఇంట్లోనే చదివింది" అన్నాము. నాలుగింటికి బయటికి వచ్చి, ఎలా రాశావంటే, "అస్ర్ ఎక్కడ చేద్దాం?" అన్నది. మేము మళ్లీ అడగలేదు.

ఫలితాలు వారానికే వచ్చాయి. కాని కొన్ని ప్రశ్నలకు ఇచ్చిన జవాబులే తప్పని పరీక్ష రాసిన పిల్లలు కోర్టుకెక్కారు. వ్యవహారం ఢిల్లీ హైకోర్టులో నడిచి సుప్రీంకోర్టు దాకా వెళ్లి, 2025 మే నెలలో గాని తేలలేదు. అంతవరకు కౌన్సెలింగు ఆగిపోయింది. రమజాను మాసమంతా ఆ ఎదురుచూపులోనే గడిచింది. మేము విసుక్కున్నాము గాని అమ్మాయి విసుక్కోలేదు. ప్రతి తీర్పునూ దించుకుని పెన్సిలుతో గీతలు గీస్తూ చదివింది. సహ్రీ వేళ అన్నం ముందు పెట్టుకుని, ఒక ప్రశ్నకు నిపుణులు ఒకటి చెబితే న్యాయమూర్తి ఇంకొకటి ఎలా చెప్పగలరో దాదీకి వివరించేది. దాదీ, "మరి అవతలివాడు ఏమన్నాడు?" అని అడగడం మొదలుపెట్టింది.

బెంగళూరుకు, షామీర్‌పేటకు ఆమె ర్యాంకు చాలలేదు. మొదటి జాబితాలో ఎక్కడా పేరు లేదు. ఆ రోజు తలుపు వేసుకుని మధ్యాహ్నం దాకా బయటికి రాలేదు. అనుకున్న ప్రకారం ఇంట్లో ఎవరూ ఏమీ అనలేదు. మరో జాబితాలో సబ్బవరం వచ్చింది. స్థలం బేరం అప్పటికే కుదిరి ఉంది. డబ్బు చేతికి రాగానే మొదట కోవెలకుంట్ల వెళ్లి వచ్చాము, తరువాత ఫీజు కట్టాము.

ప్రయాణానికి సామాను సర్దుతుండగా దాదీ తన సంచి కూడా తెచ్చి పెట్టింది. మనుమరాలిని దిగబెట్టడానికి తానూ వస్తుందట. డెబ్బై ఏళ్లు వచ్చినా సముద్రం చూడలేదట. సబ్బవరం సముద్రానికి చాలా దూరమని ఆమెకు మేము ఇంకా చెప్పలేదు.